అందరితో కలిసి తినే మెత్తని భోజనం

సెలవు రోజున హోటలు నుంచి పార్శిలు తెప్పించుకోవడం పట్టణాల్లో మామూలే. జగదల్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది అలవాటే. ఇడ్లీ సాంబారు, పాలక్ పనీర్, బిర్యానీ... పొట్లాలు విప్పగానే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఆ ఇంట్లో ఒకరు నోటి క్యాన్సర్‌కో గొంతు క్యాన్సర్‌కో చికిత్స పొందుతున్నారనుకోండి. తరచు ఏం జరుగుతుంది? వారికి వేరే గదిలో గంజి ఇస్తారు. అందరూ తినేదే, అందరితోపాటు కూర్చుని వారూ తినవచ్చా? నోటితో తినడానికి డాక్టరు అనుమతి ఉంటే చాలామంది తినవచ్చు. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• మింగడం ఎందుకు కష్టమవుతుందో చెప్పగలుగుతారు.
• మెత్తగా రుబ్బడానికి అనువైన హోటలు పదార్థాలను ఎంచుకోగలుగుతారు.
• రుబ్బిన ముద్ద సరిగా ఉందో లేదో పరీక్షించగలుగుతారు.
• ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. మింగడం ఎందుకు కష్టమవుతుంది?

నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక మొదలైన చోట్ల వచ్చే క్యాన్సర్లను కలిపి తల, మెడ క్యాన్సర్లు అంటారు. మన దేశంలో వీటికి ముఖ్య కారణం పొగాకు. ఆపరేషన్ వల్ల నాలుక, దవడ కదలికలు తగ్గవచ్చు. రేడియేషన్ వల్ల లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది, పుండ్లు పడతాయి, రుచి తెలియదు. తిండి తగ్గితే బరువు తగ్గుతుంది. మరీ నీరసిస్తే చికిత్సను మధ్యలో ఆపవలసి రావచ్చు. కాబట్టి తినాలన్న కోరికను నిలబెట్టడం కూడా చికిత్సకు సాయం చేయడమే.

జగదల్‌పూర్ నుంచి రాయపూర్‌కో, కిరందుల్ రైల్లో విశాఖపట్నానికో చికిత్సకు వెళ్లేవారికి అద్దె గదిలో వంట కుదరకపోవచ్చు. అప్పుడు హోటలు భోజనమే ఆధారం. దాన్ని తినదగినట్లు మార్చుకోవడం వారికి అవసరమైన పని.

2. ముందుగా అడగవలసినది

కొందరికి కొంతకాలం ట్యూబు ద్వారానే ఆహారం ఇస్తారు. డాక్టరు చెప్పేవరకు వారికి నోటి ద్వారా ఏమీ పెట్టకూడదు. హోటలు పదార్థాన్ని రుబ్బి ట్యూబులో పోయనూ కూడదు.

మింగడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం ఆహార పానీయాలను అంతర్జాతీయంగా 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయులుగా విభజించారు. నమలనవసరం లేని మెత్తని ముద్ద 4వ స్థాయి. మీ రోగికి ఏ స్థాయి తగునో డాక్టరునుగానీ, మింగడంలో శిక్షణ ఇచ్చే నిపుణులనుగానీ అడగండి.

3. ఏమి కొనాలి?

అనువైనవి: ఇడ్లీ సాంబారు, పప్పు, ఆలుగడ్డ కూర, పాలక్ పనీర్, ఎముకలు లేని కోడికూర. కారం తక్కువ వేయమని, పులుసు లేదా గ్రేవీ విడిగా కట్టమని చెప్పండి.

అనువుకానివి: గారెలు, అప్పడాలు, కరకరలాడే దోసె. ఎంత రుబ్బినా వీటి పలుకులు మిగులుతాయి.

బిర్యానీ సంగతి వేరుగా చెప్పుకోవాలి. అన్నాన్ని ఎక్కువసేపు తిప్పితే అందులోని పిండిపదార్థం జిగురుగా సాగి అంగిలికి అంటుకుంటుంది. అందుచేత మాంసాన్ని ఎముకలు తీసి గ్రేవీతో రుబ్బండి. అన్నం కొద్దిగా మాత్రమే తీసుకుని, పెరుగు కలిపి కొద్దిసేపే తిప్పండి. అయినా సాగుతుంటే అన్నం వదిలేయండి. బిర్యానీ రుచి ఆ గ్రేవీలోనూ ఉంటుంది.

బస్తర్ ఇళ్లలో కాచే మండియా పేజ్ మన రాగి అంబలి వంటిదే. పలుచగా ఉంటే కొందరికి దగ్గు తెప్పిస్తుంది కనుక చిక్కదనం నిపుణులను అడగండి. ఎర్రచీమల చట్నీ పులుపు, కారం గలది. నోటి పుండ్లు మానేవరకు దాన్ని పెట్టవద్దు.

4. రుబ్బే పద్ధతి

1) లవంగాలు, చెక్క, కరివేపాకు, మిరపకాయ ముక్కలు, ఎముకలు ఏరివేయండి.
2) పదార్థాన్ని గోరువెచ్చగా చల్లారనివ్వండి. పొగలు కక్కేదాన్ని మూత బిగించి మిక్సీలో తిప్పితే ఆవిరి మూతను ఎగదన్నుతుంది.
3) నీళ్లకు బదులు సాంబారు, గ్రేవీ, పాలు, పెరుగులలో తగినది కలపండి. నీళ్లు పోస్తే రుచీ బలమూ రెండూ పలచబడతాయి.
4) రుబ్బిన తరువాత స్టీలు జల్లెడలో వడగట్టండి. ఆకుకూరల పీచు, తొక్కలు అక్కడే ఆగిపోతాయి.

చెంచా పరీక్ష: ముద్దను చెంచాలోకి తీసుకోండి. అది ఆకారం నిలుపుకోవాలి. చెంచా వంచితే సులభంగా జారిపడాలి. ఉండలు ఉండకూడదు, నీరు విడిపోకూడదు. చెంచాకు అతుక్కుపోతే ఇంకొంచెం గ్రేవీ కలపండి.

5. రుచి, మర్యాద

అన్నీ కలిపి ఒకేసారి రుబ్బితే ఏది ఏమిటో తెలియని ముద్ద అవుతుంది. దేనికది విడిగా రుబ్బి, పళ్లెంలో వేరువేరుగా వడ్డించండి. ఏది ఏమిటో పేరు చెప్పండి. రుబ్బకముందే పొట్లం విప్పి వాసన చూడనివ్వండి. ఉప్పు చాలిందో లేదో తినేవారినే అడగండి. రుబ్బడానికి సమయం పడుతుంది కనుక ఆ పని ముందు ముగించి, తరువాత అందరికీ ఒకేసారి వడ్డించండి.

6. జాగ్రత్తలు

• నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న చెంచాతో నిదానంగా తినాలి. తిన్న తరువాత అరగంట పడుకోకూడదు.
• చికిత్సలో ఉన్నవారికి రోగనిరోధక శక్తి తగ్గవచ్చు. వేడిగా వండిన పదార్థాలే కొనండి. పచ్చి చట్నీలు, కోసి ఉంచిన ముక్కలు వద్దు. మిక్సీ బ్లేడు అడుగున కూడా శుభ్రంగా కడగండి.
• రెండు గంటలకు మించి బయట ఉన్న ముద్దను పారేయండి.
• తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతులో గురగుర, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. రుబ్బేటప్పుడు నీళ్లు ఎందుకు పోయకూడదు?
2. అన్నాన్ని ఎక్కువసేపు రుబ్బితే ఏమవుతుంది?

జవాబులు: 1. రుచి, బలం తగ్గుతాయి. 2. జిగురుగా సాగి అంగిలికి అంటుకుంటుంది.

చేసి చూడండి

ఈసారి ఇంటికి ఇడ్లీ సాంబారు తెచ్చినప్పుడు ఒక ఇడ్లీని సాంబారులో నానబెట్టి, రుబ్బి, వడగట్టండి. చెంచా పరీక్ష చేయండి. మీరు ఒక చెంచా తిని చూడండి. రుచికి ఇంకేం కావాలో మీ నోటికే తెలుస్తుంది.