రెండు కర్రలు ఒకటయ్యే రోజు

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో శుక్రవారం పొద్దు గూకితే కొన్ని మాదిగ ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. అప్పటినుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు విశ్రాంతి దినం. 1990ల మొదట్లో కట్టుకున్న చిన్న ప్రార్థనా మందిరం వాళ్లకుంది. గోడల మీద ఆరు కోణాల నక్షత్రం, లోపల హీబ్రూ మాటలు కలిసిన తెలుగు ప్రార్థన. వాళ్లు తమను ‘బెనె ఎఫ్రాయిం’ అని చెప్పుకుంటారు, ఎఫ్రాయిము పిల్లలమని అర్థం. ఊళ్లో ఇలాంటి కుటుంబాలు ఓ నలభై దాకా ఉంటాయి. ఇంత చిన్న గుంపు వెనుక రెండున్నర వేల ఏళ్ల నాటి ఒక ఎదురుచూపు ఉంది. అదే ఎదురుచూపు ఈనాటి ఇజ్రాయెల్‌ రాజకీయాలను నిలువునా చీల్చింది కూడా.

ఆ ఎదురుచూపుకు మూలం బైబిలు పాత నిబంధనలోని ప్రవక్తల మాటలు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అస్సీరియా రాజులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని పడగొట్టి, అక్కడి జనాన్ని చెరపట్టి తీసుకుపోయారు. ఆ రాజ్యంలోని పది గోత్రాలు ఆ తర్వాత చరిత్రలో కనిపించకుండా పోయాయి. వాటిలో ప్రధానమైనది ఎఫ్రాయిము. దక్షిణాన మిగిలిన యూదా గోత్రం నుంచే ‘యూదులు’ అనే పేరు వచ్చింది. తర్వాత కాలంలో యెహెజ్కేలు ప్రవక్త రెండు కర్రలు తీసుకుని, ఒకదాని మీద యూదా పేరు, ఇంకోదాని మీద యోసేపు, ఎఫ్రాయిముల పేర్లు రాసి, రెంటినీ చేతిలో పట్టి ఒక్కటిగా చూపించాడని గ్రంథం చెబుతుంది. చెదిరిన గోత్రాలన్నీ తిరిగి ఒకచోట చేరతాయి, దావీదు వంశపు రాజు మెస్సీయగా ఏలుతాడు, గోగు అనే శత్రువు దండెత్తి వచ్చి ఓడిపోతాడు, యెరూషలేములో దేవాలయం మళ్లీ నిలుస్తుంది, ఆపైన యుద్ధాలుండవు. యూదుల అంత్యకాల కథ స్థూలంగా ఇదే.

గోదావరిఖని, రామగుండం వంటి బొగ్గు పట్టణాల్లో ఆదివారం కూడికలకు వెళ్లేవాళ్లకు గోగు, మాగోగు కొత్త పేర్లు కావు. క్రీస్తు రాకడ దగ్గరపడిందని చెప్పే గోడ రాతలు కార్మిక వాడల్లో అందరికీ తెలిసినవే. అయితే అక్కడ వినిపించేది క్రైస్తవుల కథ. యూదులకు రెండవ రాకడ లేదు, మొదటిదే ఇంకా జరగలేదు. భక్తులు మేఘాల్లోకి ఎత్తబడడం లేదు. మెస్సీయ దేవుడు కాడు, తల్లిదండ్రులకు పుట్టి, రాజ్యం ఏలి, చనిపోయే మనిషే. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్‌ దీన్ని ఇంకా నేలకు దించాడు. మెస్సీయ కాలంలో ప్రకృతి ధర్మాలేమీ మారవని, పరాయి రాజ్యాల కింద ఊడిగం పోవడమే ఆ కాలానికీ ఈ కాలానికీ ఉన్న తేడా అని ఆయన తీర్మానం. అంటే అంత్యకాలం అన్నది మొదటినుంచీ సగం రాజకీయమే.

ఇందులో ఎఫ్రాయిముకు ప్రత్యేకమైన చోటుంది. పాత యూదు పండితుల సంప్రదాయం ఇద్దరు మెస్సీయలను చెబుతుంది. ముందు యోసేపు వంశంవాడు వచ్చి యుద్ధంలో పడిపోతాడు, ఆ వెనుక దావీదు వంశంవాడు వచ్చి పని పూర్తి చేస్తాడు. ఎఫ్రాయిము యోసేపు కొడుకే. కాబట్టి తప్పిపోయిన గోత్రం దొరకడమంటే ముగింపు మొదలైనట్టే. ఈశాన్య భారతంలోనో ఇథియోపియాలోనో ‘మేం ఫలానా గోత్రం’ అన్నవాళ్ల కోసం కొందరు రబ్బీలు, అంటే యూదు మతగురువులు, దేశాలు పట్టి తిరగడానికి కారణం ఇదే.

ఎప్పుడు వస్తాడన్న లెక్క కూడా ఉంది. సృష్టి నుంచి ఆరు వేల ఏళ్లు లోకం నడుస్తుందని యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఒక మాట ఉంది. యూదు పంచాంగం ప్రకారం ఆరువేలవ ఏడు మన లెక్కలో 2239-40లో పడుతుంది. ఆ గ్రంథమే అంత్యకాలాన్ని లెక్కకట్టేవాళ్లను శపించింది కూడా. దానికి తగిన కారణాలు చరిత్రలో కనిపిస్తాయి. క్రీస్తుశకం 132లో బార్‌ కోఖ్బా అనే నాయకుణ్ణి మెస్సీయ అని నమ్మి రోమ్‌ మీద తిరగబడితే, మూడేళ్లలో యూదయ దేశం శ్మశానమైంది. 1665లో స్మిర్నా పట్టణానికి చెందిన శబ్బతై జ్వీ తానే మెస్సీయనన్నాడు. యూరప్‌ నుంచి యెమెన్‌ దాకా జనం ఆస్తులమ్ముకుని మూటలు కట్టారు. మరుసటి ఏడు టర్కీ సుల్తాను ఎదుట అతను ముస్లింగా మారాడు. ఆ దెబ్బతో రబ్బీల్లో ఒక భయం స్థిరపడిపోయింది. ఎదురుచూడడం ధర్మం, తొందరపెట్టడం ప్రమాదం.

ఇరవయ్యో శతాబ్దంలో చీలిక సరిగ్గా ఇక్కడే వచ్చింది. 1897లో బాసెల్‌లో థియోడర్‌ హెర్జల్‌ జియోనిస్టు మహాసభ పెట్టినప్పుడు ఆయనకు మెస్సీయతో పనిలేదు, ఆయనకు కావలసింది యూదులకొక దేశం. మతనిష్ఠ గలవాళ్లు రెండుగా విడిపోయారు. బ్రిటిష్‌ పాలస్తీనాలో ప్రధాన రబ్బీగా ఉన్న అబ్రహాం ఐజాక్‌ కూక్‌, చెమటోడ్చి పొలాలు దున్నే నాస్తిక యువకులు తమకు తెలియకుండానే దేవుడి పని చేస్తున్నారన్నాడు. విమోచన మొలకెత్తడం మొదలైందని ఆయన నమ్మకం. 1948 తర్వాత ఇజ్రాయెల్‌ కోసం చేసే ప్రార్థనలో ఆ దేశాన్ని విమోచన తొలి మొలకగా చెప్పడం ఈ ఆలోచన ఫలితమే. దీనికి పూర్తి వ్యతిరేకం సత్మార్‌ వర్గపు గురువు జోయెల్‌ టైటెల్‌బామ్‌. మూకుమ్మడిగా దేశాన్ని ఆక్రమించబోమని, లోక రాజ్యాల మీద తిరగబడబోమని యూదులు దేవుడికిచ్చిన మాట తాల్ముద్‌లో ఉంది. మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం ఆ మాట తప్పడమేనని 1961లో వచ్చిన తన గ్రంథంలో ఆయన వాదించాడు. నల్లకోటు, పెద్ద టోపీతో పాలస్తీనా జెండా పట్టుకుని ఊరేగే యూదుల ఫొటోలు పత్రికల్లో చూసి తెలుగు పాఠకులు తికమకపడుతుంటారు. నెతురెయ్‌ కర్తా అనే ఆ చిన్న వర్గానిది ఈ వాదమే. వాళ్లు నాస్తికులు కారు, అందరికంటే ఛాందసులు.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం తూకాన్ని మార్చేసింది. యెరూషలేము పాత నగరం, వెస్ట్‌బ్యాంక్‌ ఇజ్రాయెల్‌ చేతికొచ్చాయి. బైబిలు కథలు జరిగిన కొండలవి. కూక్‌ కొడుకు జ్వీ యెహుదా కూక్‌ శిష్యులకు ఇది గెలుపు కాదు, గ్రంథం పుటలు తిరగడం. వాళ్లు 1974లో గుష్‌ ఎమునిమ్‌ అనే ఉద్యమం కట్టి, ఆ కొండల మీద ఊళ్లు లేపారు. 1984లో యెరూషలేములోని ముస్లింల పవిత్ర కట్టడం డోమ్‌ ఆఫ్‌ ది రాక్‌ను పేల్చేయాలని పథకం వేసిన రహస్య ముఠా పట్టుబడింది. 1995 నవంబరు 4న ప్రధాని ఇత్జాక్‌ రాబిన్‌ను కాల్చి చంపినవాడు పరాయివాడు కాడు, మతనిష్ఠ గల యూదు విద్యార్థి. పాలస్తీనీయులకు భూమిలో కొంత ఇచ్చి శాంతి తెచ్చుకోవాలన్న ఒస్లో ఒప్పందమే రాబిన్‌ నేరమైంది. 2005లో గాజా నుంచి యూదు నివాసాలను సైన్యం ఖాళీ చేయించినప్పుడు తమ సైనికుల్నే పట్టుకుని ఏడ్చిన కుటుంబాలున్నాయి.

అన్ని తగాదాలకూ అంత్యకాలమే కారణమంటే అతి అవుతుంది. 2023లో ఇజ్రాయెల్‌ కోర్టుల అధికారాలకు కోత పెట్టే చట్టం మీద లక్షల మంది వీధుల్లోకి వచ్చింది పాలన గురించి. మతపాఠశాలల్లో చదివే యువకులను సైన్యంలో చేర్చుకోవాలని 2024 జూన్‌ 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక రేగిన గొడవ, ఎవరి బిడ్డలు చావాలన్న ప్రశ్న. పద్దులు, సీట్లు, పార్టీల బేరాలు అక్కడా ఇక్కడా ఒకటే. నమ్మకం చేసేదల్లా బేరం కుదరనివ్వకపోవడం. బడ్జెట్‌ను సగం సగం పంచుకోవచ్చు, దేవుడిచ్చాడనుకున్న కొండను పంచుకోవడం ఎవరి తరం?

ఈ నమ్మకం ఎంత చిన్న వస్తువు మీద నిలబడగలదో చెప్పడానికి ఒక ఎర్ర పెయ్య చాలు. సంఖ్యాకాండం 19వ అధ్యాయం ప్రకారం, శవాన్ని తాకిన మైల పోవాలంటే మచ్చలేని, కాడి మోయని ఎర్ర పెయ్యను కాల్చిన బూడిద కావాలి. అది లేనిదే దేవాలయ సేవ పద్ధతిగా మొదలు కాదు. రెండు వెంట్రుకలు వేరే రంగువి కనిపించినా పెయ్య పనికిరాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సస్‌ నుంచి ఐదు ఎర్ర పెయ్యలు విమానంలో ఇజ్రాయెల్‌కు వచ్చాయి. వాటిని పెంచి పంపడంలో అమెరికా క్రైస్తవులది పెద్ద చెయ్యి. 2024 జనవరిలో హమాస్‌ ప్రతినిధి ప్రసంగంలోనూ ఈ పశువుల ప్రస్తావన వచ్చింది, అల్‌ అక్సా మసీదుకు ముప్పుకు గుర్తుగా. కోట్ల మంది నమ్మకాల మధ్య ఐదు పెయ్యలు గడ్డి మేస్తూ నిలబడ్డాయి. చచ్చిన పశువును మోసినందుకు తరతరాలు అంటరానివాళ్లైన మాదిగలు చదివితే ఈ అధ్యాయంలో ఇంకోటి కనిపిస్తుంది. ఇక్కడ శవపు మైల ముట్టిన ప్రతివాడికీ అంటుతుంది, ఏడు రోజుల్లో అందరికీ పోతుంది. పుట్టుకతో అంటి, చచ్చినా పోని మైల కాదది.

తెలంగాణ నుంచి ఇజ్రాయెల్‌కు ఇంకో దారి ఉంది. నిజామాబాద్‌, జగిత్యాల వైపు నుంచి ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లినవాళ్లు చాలా ఏళ్లుగా అక్కడున్నారు. 2024లో భవన నిర్మాణ పనుల కోసం హైదరాబాద్‌లోనే ఎంపికలు జరిగాయి. నిష్ఠగల ఇంట్లో పనిచేసేవాళ్లకు శుక్రవారం సాయంత్రం అంటే ఏంటో తెలుసు. స్విచ్‌ ముట్టకూడదు కాబట్టి దీపాలు ముందే వేసి ఉంచాలి, వంట ముందే అయిపోయి వేడి పలక మీద ఉండాలి. పెద్ద భవనాల్లో లిఫ్ట్‌ ఎవరూ బటన్‌ నొక్కకుండానే ప్రతి అంతస్తులో ఆగుతూ పోతుంది. సింగరేణి బొగ్గు గనుల్లో ప్లేడే, అంటే వారపు సెలవు, నాడు డ్యూటీకి పోతే జీతం ఎక్కువ వస్తుంది, ఆ డ్యూటీ కోసం పోటీ ఉంటుంది. నిష్ఠగల యూదులకు శనివారం ఎంత జీతమిచ్చినా పని తప్పే. యూదులంతా రెండు విశ్రాంతి దినాలు సరిగ్గా పాటిస్తే విమోచన వస్తుందని తాల్ముద్‌లో ఒక రబ్బీ అన్నాడు. ఆ లెక్కన శనివారం కారు నడిపే పొరుగువాడు మెస్సీయ దారికి అడ్డం వచ్చినట్టే. కొన్ని పేటల్లో శనివారాలు రోడ్లు మూయాలా వద్దా అన్న గొడవలు ఊరికే పుట్టలేదు.

ఈ కాలంలోనూ మెస్సీయ వచ్చాడని నమ్మినవాళ్లున్నారు. ముంబయివాసులకు 2008 నవంబరు దాడులతో గుర్తుండిపోయిన నారీమన్‌ హౌస్‌, ఛబాద్‌ అనే యూదు వర్గానిది. వాళ్ల గురువు మెనకెం ష్నీర్సన్‌ 1994లో న్యూయార్క్‌లో చనిపోయాడు. ఆయనే మెస్సీయ అని నమ్మిన శిష్యుల్లో కొందరు ఆ నమ్మకాన్ని సమాధి దగ్గర వదిలిపెట్టలేదు. దాని మీద ఆ వర్గంలోనే రెండు పక్షాలున్నాయి.

మళ్లీ కొత్తరెడ్డిపాలెం. గుంటూరు, ఒంగోలు సీమల్లో మాదిగలకు బైబిలు వచ్చింది ఎక్కువగా అమెరికన్‌ బాప్టిస్టు మిషన్‌ ద్వారా. ధాతు కరువు వెనువెంటనే, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర క్లౌ దొర నడిపిన ఆ మిషన్‌ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో మాదిగలే ఎక్కువ. నూరేళ్ల తర్వాత అలాంటి క్రైస్తవ బోధకుల కుటుంబం నుంచి వచ్చిన షెమ్యుయెల్‌ యాకోబీ, సాదోక్‌ యాకోబీ అన్నదమ్ములు తమ మూలం క్రీస్తు కంటే వెనుక ఉందన్నారు. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం వంటి మాదిగ ఆచారాలను యూదు జ్ఞాపకాలుగా చదివారు. కులం చేత మైలపడ్డ ఆచారాలు ఇలా పూర్వ గౌరవానికి గుర్తులయ్యాయి. యూలియా ఎగోరోవా, షాహిద్‌ పర్వేజ్‌ ఈ సమాజం మధ్య పరిశోధన చేసి 2013లో పుస్తకం వెలువరించారు. పూర్వీకుల దావా నిజమా కాదా అన్నది తేల్చడం కంటే, ఆ దావా కులం మీద ఎలా పోరాడుతోందన్నది వాళ్లు పట్టించుకున్న విషయం.

గోత్రం తేలాలంటే ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ముంబయి ప్రాంతపు బెనె ఇజ్రాయెల్‌ యూదులు ఇజ్రాయెల్‌కు వెళ్లాక కూడా పెళ్లిళ్ల దగ్గర వాళ్ల పుట్టుకను రబ్బీలు అనుమానించారు. వాళ్లు ధర్నాలు చేశాక 1964లో గానీ అక్కడి పార్లమెంటు అన్ని విధాలా యూదులేనని ప్రకటించలేదు. ఇథియోపియా యూదులను దాను గోత్రంగా 1973లో ఒక ప్రధాన రబ్బీ ఒప్పుకున్నారు. మణిపూర్‌, మిజోరం కొండల్లోని బెనె మెనషే వాళ్లకు, అంటే ఎఫ్రాయిము అన్న మనష్షే గోత్రమని చెప్పుకునేవాళ్లకు, ఆ గుర్తింపు 2005లో దక్కింది. మిగిలిన 5,800 మందిని 2030 నాటికి తీసుకురావాలని 2025 నవంబరులో ఇజ్రాయెల్‌ మంత్రివర్గం నిర్ణయించింది. వీళ్లను స్థిరపరచడం వెనుక భక్తితో పాటు జనాభా లెక్కలు కూడా ఉన్నాయని అక్కడి విమర్శకుల మాట.

తెలుగు ఎఫ్రాయిముకు అలాంటి గుర్తింపు ఇంతవరకు రాలేదు. ఇక్కడ గుర్తింపుకు ఇంకో చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం షెడ్యూల్డ్‌ కులమంటే హిందువు, సిక్కు, బౌద్ధుడు మాత్రమే. యూదుణ్ణని కాగితం మీద రాయించుకున్న మాదిగ ఆ కాగితంతోనే ఎస్సీ హోదా వదులుకోవాలి. ఎస్సీల వర్గీకరణ కోసం మూడు దశాబ్దాలు పోరాడి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో గెలిచిన మాదిగలకు ఆ హోదా చిన్నది కాదు. యెరూషలేము ఒకవైపు పుట్టుక రుజువు అడుగుతుంది, తహసీల్దారు ఆఫీసు ఇంకోవైపు కుల ధ్రువీకరణ అడుగుతుంది. రెండు దరఖాస్తుల్లో మతం గడి దగ్గర రాయాల్సిన మాట ఒకటి కాదు.