షేక్ చినమౌలానా

షేక్ చినమౌలానా (మే 12, 1924 - ఏప్రిల్ 13, 1999) ఇరవయ్యవ శతాబ్దపు ప్రముఖ నాదస్వర విద్వాంసుడు. తెలుగునాట పుట్టి, ఇక్కడే వాద్యం నేర్చి, ఆపై మళ్ళీ శిష్యుడై తంజావూరు బాణీని అభ్యసించి, తమిళనాడులోని శ్రీరంగంలో స్థిరపడ్డాడు. ఇస్లాం మతస్థుడైన ఈయన రామభక్తునిగా కూడా ప్రసిద్ధుడు. పద్మశ్రీ పురస్కారాన్ని, సంగీత కళానిధి బిరుదాన్ని పొందాడు.

వంశము, విద్యాభ్యాసము

చినమౌలానా ఒంగోలు సమీపంలోని కరవది గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ఈ గ్రామం గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినపుడు నేటి ప్రకాశం జిల్లాలో చేరింది. వీరి వంశంలో తరతరాలుగా నాదస్వరమే జీవనోపాధి. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఇటువంటి ముస్లిం కుటుంబాలు అనేకం ఉన్నాయి. దేవాలయ కైంకర్యం, జమీందారుల పోషణ, పెళ్ళిళ్ళు వీరికి ఆధారం. మసీదులో నమాజు చేసి వచ్చి గుడి ముందు మేళం వాయించడం ఈ కుటుంబాలలో ఎవరికీ వింతగా తోచే విషయం కాదు. దీనిని మతసామరస్యానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి అయింది గాని, వారి మట్టుకు అది నిత్యం చేసే పని మాత్రమే.

తొలి పాఠాలు తండ్రి షేక్ కాసిం సాహెబు వద్ద జరిగాయి. తరువాత చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబు వద్ద శిక్షణ పొందాడు. చిలకలూరిపేట ఆనాటికే నాదస్వరానికి పేరుపడ్డ ఊరు.

వాద్యము, మేళము

చినమౌలానా సాధించినదేమిటో తెలియాలంటే ముందు ఈ వాద్యాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు పిల్లలకు నాదస్వరం అంటే మహానంది, అహోబిలం ఉత్సవాలు, లేదా పెళ్ళిపందిరి గుర్తుకు వస్తాయి. అక్కడ వినిపించేది జనసందడిని దాటి పోవలసిన నాదం. అదే వాద్యంతో రెండు గంటలసేపు ఒక్క రాగాన్ని నెమ్మదిగా విప్పి చూపవచ్చునని చాలామందికి తెలియదు.

నాదస్వరం సుషిర వాద్యం, అనగా ఊదగా పలికే వాద్యం. దాని గొట్టాన్ని ఆచ్చా అనే గట్టి కర్రతో తయారుచేస్తారు. పాత ఇళ్ళు పడగొట్టినపుడు దొరికే దూలాల కర్ర బాగా ఎండి ఉంటుంది గనుక చేతిపనివారు దానిని ఎక్కువ ఇష్టపడతారు. కుంభకోణం దగ్గరి నరసింగంపేట ఈ పనికి పేరుపడింది; అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. గొట్టం పైకొసన అమర్చే పీకను కావేరి తీరాన పెరిగే ఒకజాతి రెల్లుతో చేస్తారు. దీనినే తమిళంలో సీవాళి అంటారు. వేళ్ళతో మూసే రంధ్రాలు ఏడు. వాటికి దిగువన ఉండే మరికొన్ని రంధ్రాలను మైనంతో పూడ్చి శ్రుతి సరిచేస్తారు.

హార్మోనియంలో వలె ఇందులో స్వరం సిద్ధంగా ఉండదు. ఒకే రంధ్రం మీద, ఊపిరి బలాన్ని, పీకపై పెదవుల ఒత్తిడిని మార్చడంచేత, వేర్వేరు స్వరస్థానాలు పలికించాలి. గమకం పలికేది కూడా ఇట్లే. కాబట్టి వాద్యకారునికి వేళ్ళకంటె ముందు శ్వాస, చెవి కుదరాలి. ఏళ్ళ తరబడి సాధన అవసరం కావడానికి ఇదే కారణం.

మేళంలో సాధారణంగా రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు (తవిల్), తాళం, శ్రుతికి ఒత్తు ఉంటాయి. దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటపుడు గంభీరనాట రాగంలో మల్లారి వాయించడం దాక్షిణాత్య ఆలయ సంప్రదాయం. పెళ్ళిలో మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం ఉండనే ఉంది. పాశ్చాత్య దేశాలలోని పెద్ద వాద్యబృందాలలో ట్రాంబోను వంటి సుషిర వాద్యాన్ని వాయించే వ్యక్తికి నిర్ణీతమైన కుర్చీ, నెలజీతం, పదవీ విరమణ వేతనం ఉంటాయి. మన మేళగానికి ఇవేవీ లేవు. ముహూర్తాలు ఉంటే ఆదాయం, మూఢమి వస్తే ఖాళీ. పందిరిలో అందరికంటె ముందు వచ్చి అందరికంటె వెనుక భోజనం చేసేవాడు అతడే. ఇటువంటి వృత్తిలోనుండి కచేరీ వేదిక మీదికి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

రెండవ శిష్యరికము

ఆ కాలంలో తంజావూరు జిల్లా నాదస్వరానికి పెట్టింది పేరు. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898-1956) పొడవైన బారి నాదస్వరాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చి, రాగాలాపనను గంటల తరబడి విస్తరించే పద్ధతిని శిఖరానికి చేర్చాడు. అంతకుముందు వాడుకలో ఉన్న తిమిరి నాదస్వరం పొట్టిది, దాని శ్రుతి హెచ్చు. బారి శ్రుతి తగ్గు. ఆలాపనకు, గాత్రాన్ని అనుసరించే శైలికి అది అనుకూలం. రాజరత్నం పిళ్ళై తోడి రాగం ఎందరో విద్వాంసులను ఆకర్షించింది. చినమౌలానా కూడా ఆయన వాద్యానికి ముగ్ధుడయ్యాడు.

ఆ బాణీని దూరంనుండి అనుకరించడంతో ఈయన తృప్తిపడలేదు. కుంభకోణం సమీపంలోని నాచ్చియార్‌కోయిల్‌కు వెళ్ళి, రాజం, దురైకన్ను సోదరుల వద్ద శిష్యునిగా చేరి తంజావూరు సంప్రదాయాన్ని నేర్చుకొన్నాడు. వంశవిద్యగా ఒక పద్ధతి అప్పటికే అలవడిన వ్యక్తి, పరభాషా ప్రాంతంలో, మళ్ళీ మొదటినుండి శ్వాస దిద్దుకోవడం సామాన్య విషయం కాదు. ఈయన జీవితంలో అన్ని పురస్కారాలకంటె ముఖ్యమైన ఘట్టం ఇదే అనడం సమంజసం. కుటుంబంలో తండ్రినుండి కొడుక్కు మాత్రమే అందే విద్యను, ఈయన కుటుంబం దాటి, ప్రాంతం దాటి అన్వేషించాడు.

శ్రీరంగ నివాసము

1964లో, నలభై ఏళ్ళ వయసులో, చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డాడు. అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి శిష్యులకు విద్య నేర్పాడు. కాశీ విశ్వనాథుని చెంత షెహనాయి వాయించిన బిస్మిల్లాఖాన్ (1916-2006) కథను పాఠకులు ఎరిగే ఉంటారు. అటువంటి కథ దక్షిణాదిన కావేరి ఒడ్డున కూడా జరిగింది. దాని నాయకుడు తెలుగువాడు.

ఈయన వాద్యంలో వేగంకంటె రాగభావానికి ప్రాధాన్యం ఎక్కువ. కీర్తన వాయించేటపుడు సాహిత్యం విననివారికి కూడా పదాల విరుపు తెలిసేటట్లు వాయించడం గొప్ప గుణం. 1973లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పర్యటించాడు. తరువాత మరికొన్ని దేశాలలోనూ కచేరీలు చేశాడు.

గౌరవాలు

1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా లభించింది. మద్రాసు సంగీత అకాడమీ 1998 సంవత్సరానికి సంగీత కళానిధిగా ఎన్నుకొన్నది. గాయకులకే ఎక్కువగా దక్కుతూ వచ్చిన ఈ బిరుదు మేళం వాయించే వంశానికి చెందిన వ్యక్తికి రావడం విశేషం. ఆ గౌరవం అందిన కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, మరణించాడు.

శిష్యులు

చినమౌలానా శిష్యులలో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ప్రసిద్ధులు. వీరిద్దరూ నాదస్వర వంశాలకు చెందినవారే. వీరి కథలో రాయలసీమకు కూడా భాగం ఉంది. శ్రీరంగం చేరడానికి ముందు వీరు కర్నూలులోని శారదా సంగీత కళాశాలలో కె. చంద్రమౌళి వద్ద అభ్యసించారు. నంద్యాల, ఆళ్ళగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. ఇంట్లో నేర్చిన విద్యకు కళాశాలలో శాస్త్రం, శ్రీరంగంలో గురువు దిద్దిన బాణీ తోడై, ఈ దంపతులు జంట నాదస్వర విద్వాంసులుగా పేరు పొందారు. స్త్రీలు నాదస్వరం పట్టడం అరుదైన కాలంలో కాలీషాబీ ఈ వృత్తిలోకి వచ్చింది. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు.

చినమౌలానా మనుమలు కాసిం, బాబు కూడా తాత వద్దనే నేర్చుకొని, జంటగా కచేరీలు చేస్తూ ఆ బాణీని కొనసాగించారు.