పాట కోసం కట్టి, సినిమాకు అప్పగించి, మళ్లీ పాటకే తెచ్చుకున్న భవనం

ముంబైలో ‘ఒపేరా హౌస్’ అంటే చాలా ఏళ్లపాటు అందరికీ గుర్తొచ్చింది వజ్రాల మార్కెట్. 2011 జూలై 13న నగరంలో బాంబులు పేలిన మూడు చోట్లలో అదొకటి. ఆ పేటకు పేరిచ్చిన రాయల్ ఒపేరా హౌస్ మాత్రం అప్పటికే మూతపడి 18 ఏళ్లయింది. చర్నీ రోడ్ స్టేషన్‌కు కొద్ది దూరంలోనే ఉన్నా, లోపల ఏముందో కొత్త తరానికి తెలియదు.

ఈ హాలు ఆలోచన ఇద్దరిది. కలకత్తా కేంద్రంగా నాటక బృందాలు తిప్పిన మారిస్ బ్యాండ్‌మన్ ఒకరు. బొగ్గు వ్యాపారంలో ఉన్న పార్సీ పెద్దమనిషి జహంగీర్ ఫ్రామ్‌జీ కరాకా మరొకరు. 1911లో అయిదో జార్జి చక్రవర్తి ప్రారంభించేనాటికి పని ఇంకా సాగుతూనే ఉంది. పూర్తయింది 1912లో. బరోక్ శైలిలో ఇటాలియన్ పద్ధతి అలంకరణ, పక్కల బాక్సులు, పైన కవులకూ నాటకకర్తలకూ నివాళిగా ఎనిమిది భాగాల గుమ్మటం, ససూన్ కుటుంబం ఇచ్చిన షాండ్లియర్లు. ఒపేరాలతో పాటు బాలగంధర్వ, దీనానాథ్ మంగేష్కర్ వంటివారి ప్రదర్శనలూ ఇక్కడ జరిగాయి. తర్వాత పృథ్వీరాజ్ కపూర్ నాటకాలు కూడా.

అప్పటికే కాలం మారిపోతోంది. 1931లో తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైంది. మరుసటి ఏడాది మన ‘భక్త ప్రహ్లాద’ కూడా ముందు ఆ నగరంలోనే, కృష్ణా సినిమాలో తెరకెక్కిందని పరిశోధకుడు రెంటాల జయదేవ తేల్చారు. జనం టాకీల వైపు పోతుంటే ఒపేరా హాలు ఖాళీగా ఎందుకుంటుంది? 1930లలో అదీ సినిమా హాలైంది.

పాటకచేరీ హాలును సినిమా హాలుగా మార్చడమంటే తెర ఒకటి దించితే సరిపోదు. ఒపేరా గాయకులకు మైకు ఉండదు. గొంతు చివరి వరుసదాకా చేరాలంటే గోడలూ, పైకప్పూ, బాల్కనీ అంచులూ ధ్వనిని తిప్పి పంపాలి. నున్నటి గోడ కంటే వంపులూ పూలూ ఉన్న సున్నపు పని ఆ ధ్వనిని మెత్తగా చెదరగొడుతుంది. ఆ అలంకరణ కంటికే కాదు, చెవికీ. సినిమాకు కావలసింది దాదాపు ఇందుకు విరుద్ధం. తెర వెనక స్పీకర్ ఉంటుంది కాబట్టి హాలు తనవంతు మోత కలపకూడదు. పక్క బాక్సుల్లో కూర్చున్నవారికి తెర ఏటవాలుగా కనిపిస్తుంది. అందుకే బాక్సులు పోయాయి. కొత్త సీట్లు వచ్చాయి. పాత అలంకరణ మీద ఆర్ట్ డెకో పొర పడింది.

1952లో గొండల్ మహారాజా దీన్ని కొన్నారు. హిందీ సినిమాలు దశాబ్దాలపాటు ఆడాయి. తర్వాత వీడియో, కేబుల్ టీవీ దెబ్బ అన్ని సింగిల్ స్క్రీన్లకూ తగిలినట్టే దీనికీ తగిలి 1993లో మూతపడింది. మన ఊళ్లలో ఇలాంటి థియేటర్లు ఫంక్షన్ హాళ్లో, షాపింగ్ కాంప్లెక్సులో అయ్యాయి. ఇది కాకపోవడానికి రెండు కారణాలు. 1995లో ముంబైలో వారసత్వ కట్టడాల నిబంధనలు వచ్చాయి. దానికి తోడు, అమ్ముకోవడం సులువైనా యజమాని కుటుంబం అమ్మలేదు. ఒక్క చట్టంతోనే పని జరిగేదని నేననుకోను. కూల్చవద్దని చట్టం చెప్పగలదు, కారే కప్పును బాగుచేయించే డబ్బు మాత్రం ఇవ్వదు.

పునరుద్ధరణ బాధ్యతను ఆ కుటుంబం ఆర్కిటెక్ట్ ఆభా నారాయణ్ లాంబాకు అప్పగించింది. 2012లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ముందు నిర్మాణాన్ని నిలబెట్టి, ఆ తర్వాత అందం సంగతి చూశారు. పోయిన బాక్సులను పాత ఫొటోల ఆధారంగా మళ్లీ కట్టారు. 1911 నాటికి లేని ఎయిర్ కండిషనింగ్, అగ్నిమాపక ఏర్పాట్లు ఇప్పుడు తప్పనిసరి. వాటిని పాత గోడల మధ్య, ఏసీ మోత పాటకు అడ్డురాకుండా ఇరికించాలి. ఇప్పుడు సీట్లు దాదాపు 575. యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు 2017లో వచ్చింది.

అమెరికాలోనూ ఇలాంటివి జరిగాయి. సెయింట్ లూయిస్‌లో 1925 నాటి సినిమా ప్యాలెస్ 1968లో సింఫనీ ఆర్కెస్ట్రాకు పావెల్ హాల్ అయింది. పిట్స్‌బర్గ్‌లో 1971లో హైంజ్ హాల్ వచ్చిందీ అలాగే. అవి మొదటినుంచీ సినిమా కోసం కట్టినవి. అక్కడ సినిమా నాటి వైభవాన్నే కాపాడుకున్నారు. ముంబైలో సినిమా పొరను చాలావరకు తీసేసి, దాని కింద ఉన్నదాన్ని బయటికి తెచ్చారు. 1911 నాటి ముస్తాబు గొప్పదే. అయినా ఈ గోడల మధ్య మామూలు జనం టికెట్ కొని, విజిల్ వేసి గడిపిన దాదాపు ఆరు దశాబ్దాలను ‘పాడుచేసిన కాలం’గా చూడటం నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

2016 అక్టోబర్‌లో తలుపులు తెరుచుకున్నప్పుడు ముంబైలో పుట్టిన సోప్రానో పెట్రీషియా రొజారియో ఇక్కడ పాడారు. అదే నెలలో మామీ చలనచిత్రోత్సవం ప్రారంభ వేడుకకూ ఈ హాలే వేదికైంది.