రిటర్ను పంపారు సరే, ధ్రువపరిచారా?

ఆదాయపు పన్ను రిటర్నును కంప్యూటరులో పంపగానే పని తీరిందనుకొంటారు చాలమంది. తీరదు. పంపిన 30 రోజులలో దానిని ధ్రువపరచాలి. 2022 ఆగస్టుకు ముందు 120 రోజులుండేవి. ధ్రువపరచని రిటర్ను దాఖలు కానట్లే, రిఫండూ రాదు. కనుక కుర్రవాళ్లచేత నింపించుకొనే పెద్దలు "ఈ-వెరిఫై అయిందా నాయనా?" అని తప్పక అడగాలి.

ఆధారు ఓటీపీ ఆధారులో నమోదైన ఫోనుకే వస్తుంది. పింఛనుదార్లకు చిక్కంతా ఇక్కడే: ఆ నంబరు ఏనాడో మారి ఉంటుంది. బెంగ వద్దు. నెట్ బ్యాంకింగు ఉంటే దాని ద్వారా ధ్రువపరచవచ్చును. అదీ లేనివారు ఐటీఆర్-వి కాగితం అచ్చు తీయించి, సిరాతో సంతకం చేసి, ఆ 30 రోజులలోపల చేరేటట్లు బెంగుళూరు కేంద్రానికి తపాలాలో పంపవచ్చును. పెద్దవారికి ఇదే అలవాటైన దారి! చిరునామా ఆ కాగితంమీదనే ఉంటుంది. స్పీడ్ పోస్టు రసీదు మాత్రం పారవేయకండి.