బాలింత మనసునూ పలకరించండి

పురిటింటికి వచ్చిన వారందరూ బిడ్డ ఎవరి పోలిక, తల్లికి పాలు పడుతున్నాయా అని అడుగుతారు. తల్లి మనసెలా ఉన్నదని అడిగేవారు అరుదు.

ప్రసవమైన మూడు, నాలుగు రోజులకు కన్నీరు, చిరాకు కలగడం సాధారణం. రెండు వారాలలో అవి తగ్గిపోతాయి. అంతకు మించి దిగులు కొనసాగినా, బిడ్డ నిద్రించిన వేళ కూడా తల్లికి నిద్ర పట్టకున్నా, తాను మంచి తల్లిని కానని కుమిలిపోతున్నా అది కుంగుబాటు వ్యాధి కావచ్చును. గర్భిణిగా ఉన్నప్పుడే ఇది ఆరంభం కావచ్చు. ఇది గాలి సోకడమూ కాదు, చేతకానితనమూ కాదు, చికిత్సతో నయమవుతుంది.

ఆత్మహత్య ఆలోచన ఉన్నదా అని అడిగితే లేనిది పుట్టించినట్లవుతుందన్నది అపోహ. 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలలో చివరిది అటువంటిదే. అవునంటే ఆమెను ఒంటరిగా విడువరాదు. ఆనాడే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

మన సరిహద్దు జిల్లాలలో మరొక చిక్కున్నది. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియానో. ఒంటి నొప్పిని పరభాషలో చెప్పవచ్చు గాని, మనోవేదనను మాతృభాషలోనే విప్పి చెప్పుకోగలం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చును.

చికిత్సకు చేర్చితే బిడ్డ దూరమవుతుందని జంకనక్కరలేదు. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుండి సాధారణంగా వేరు చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకొనే విభాగమే ఉన్నది.

బిడ్డను చూడబోయినప్పుడు తల్లినీ ఒక మాట అడుగుదాం.