ఫ్రీ మల్చ్ ఎక్కడ దొరుకుతుంది? ఏది తెచ్చుకోవాలి, ఏది వద్దు?

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే గొడవ. ట్యాంకులో నీళ్ళు ఇంట్లోకి వాడుకోవాలా, మిద్దె మీద మొక్కలకి పొయ్యాలా? అమ్మ మొక్కలకే పోస్తుంది, నాన్న అరుస్తారు. మన సత్తెనపల్లి ఎండకి పొద్దున పోసిన తడి మధ్యాహ్నానికి ఆరిపోతుంది.

దీనికి మందు మల్చింగ్. మట్టి కనపడకుండా పైన ఎండుగడ్డో, ఆకులో కప్పడం, అంతే. మట్టికి నేరుగా ఎండ తగలదు కాబట్టి తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. పాలేకర్ గారి ప్రకృతి వ్యవసాయంలో దీన్నే ఆచ్ఛాదన అంటారు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ రైతులతో చేయిస్తున్న పద్ధతుల్లో ఇదీ ఒకటి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా

ఫ్రీగా వచ్చింది కదా అని సామిల్లు నుంచి రెండు గోతాల రంపపు పొట్టు తెచ్చా. పైన పరిస్తే సరిపోయేది, నేను మట్టిలో కలిపేశా. మూడు వారాల్లో అమ్మ పెంచిన బెండ మొక్కలన్నీ పసుపు రంగుకి తిరిగాయి. ఎందుకంటే పొట్టులో కార్బన్ బాగా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకి కావాల్సిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి. మొక్కకి మిగలదు. బీటెక్ చదివి ఇది తెలీదా అని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందుకే రూల్ నంబర్ వన్: మల్చ్ పైన పరవాలి, మట్టిలో కలపకూడదు.

ఎక్కడ అడగాలి?

ఎండాకులు: వేప, కానుగ ఆకులు రాలే టైమ్‌లో వీధుల్లో కుప్పలే. తగలబెట్టకముందే ఊడ్చేవాళ్ళని అడగండి, గోతాం మీరే తీసుకెళ్ళండి.

వరిగడ్డి: సాగర్ కాలువ కింద వరి వేసేవాళ్ళు తెలిసినవాళ్ళుంటే ఒక మోపు అడగండి. గేదెలున్న ఇంట్లో అయితే పశువులు తినగా మిగిలిన గడ్డి చాలు.

చెరకు పిప్పి: జ్యూస్ బండి దగ్గర సాయంత్రానికి బోలెడు. రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టాకే వెయ్యండి, లేకపోతే చీమలూ ఈగలూ.

కొబ్బరి బోండాల డొక్కలు: ముక్కలు కొట్టి ఎండబెడితే కుండీలకి బాగుంటాయి.

వేరుశనగ పొట్టు: పచ్చి కాయలు ఒలిచిందయితే ఓకే. ఉప్పేసి ఉడకబెట్టిన కాయల పొట్టు మాత్రం వద్దు, ఆ ఉప్పు మట్టిలోకి దిగుతుంది.

మరి పత్తి కట్టె, మిర్చి తొడిమలు?

మన ఏరియాలో వీటికి కొదవ లేదు, ఫ్రీగానే ఇస్తారు. కానీ పత్తి కట్టెకి మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని ఉంటుంది. మనం ఇంటి దగ్గర పోగు పెడితే పక్క పొలం రైతుకి మళ్ళీ నష్టం. మిర్చికి మందులు ఎక్కువ కొడతారు, అందుకే తినే ఆకుకూరల దగ్గర తొడిమలు నేను వాడను.

అనుమానమున్న గడ్డికి చిన్న టెస్ట్. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళతో ఒక కుండీలో మెంతులు మొలకెత్తించండి, పక్క కుండీలో మామూలు నీళ్ళతో. మొదటి దాంట్లో మొలకలు వంకర తిరిగినా, ఎదగకపోయినా ఆ గడ్డి వాడొద్దు.

ఎలా వెయ్యాలి?

ముందు మట్టి బాగా తడపండి. తర్వాత రెండు మూడు అంగుళాల మందాన పరవండి. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలండి, ఆనుకుని ఉంటే మొదలు కుళ్ళుతుంది. నేల మీద మొక్కలైతే చెదలు పట్టాయేమో వారానికోసారి చూడండి. తేళ్ళుంటాయి, ఉత్త చేత్తో కెలకొద్దు.

నీళ్ళు పోసేముందు మల్చ్ తప్పించి మట్టిలో వేలు పెట్టండి. తడి తగిలితే ఆ పూట పొయ్యక్కర్లేదు. మా ఇంట్లో రెండు పూటలా పోసేది ఒక పూటకి వచ్చింది. నాన్న అరవడం కూడా తగ్గింది!

మీ వీధిలో ఏం దొరుకుతుందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!