మన ఇంటి గాలిని పరీక్షించడం ఎలా?

ఆహారం లేకుండా మానవుడు కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు జీవించగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలకు మించి జీవించలేడు. అయినా మనం బియ్యంలో రాళ్లు ఏరుతాము, నీటిని కాచి వడపోస్తాము, పాలలో నీళ్లు కలిసినవేమోనని అనుమానిస్తాము; ఇంటిలో పీల్చే గాలిని గురించి మాత్రం ఒక్కమారైనా విచారించము. కాలుష్యమనగానే మన దృష్టి వీధిలోని లారీల మీదికి, ఊరి వెలుపలి పొగగొట్టాల మీదికి పోతుంది. తలుపు వేసుకుంటే చాలు, లోపలి గాలి పరిశుభ్రమని మన నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ప్రతి విద్యార్థీ తన ఇంటిలోనే పరీక్షించి తెలుసుకోవచ్చును. ఆ విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటి గాలిని చెరిచేవి ముఖ్యంగా ఐదు. మొదటిది సూక్ష్మ ధూళి. ఇందులో 2.5 మైక్రాన్లకు లోబడిన కణాలు అత్యంత హానికరం. ఇవి తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యవ వంతు మాత్రమే ఉండడం వలన ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. కట్టెల పొయ్యి, పోపు పొగ, సిగరెట్టు, అగరువత్తులు, లోబాన్, దోమల చుట్టలు వీటికి పుట్టినిళ్లు. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుండి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. రెండవది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గాఢంగా కలిసి ప్రాణాపాయం కలిగిస్తుంది. మూడవది మన శ్వాసనుండి వెలువడే కార్బన్ డయాక్సైడ్. నాలుగవది కొత్త ప్లైవుడ్ సామానులు వదిలే ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిరులు. ఐదవది నేలనుండి, రాతినుండి వెలువడే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు.

గదిలోని గాలిని కొలవడం కొత్త ఆలోచన కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రజ్ఞుడు 1858లోనే ఈ విషయమై గ్రంథం ప్రకటించినాడు. గదిలో కార్బన్ డయాక్సైడ్ వెయ్యింట ఒక వంతు దాటితే అక్కడి గాలి నివాసయోగ్యం కాదని ఆయన నిర్ణయించినాడు. నేటి పరికరాల భాషలో అది 1000 పి.పి.ఎం. బయటి గాలిలో నేడు 420 పి.పి.ఎం.కు పైగా ఉన్నది. గదిలో 1000 దాటినదంటే, ఒకరు విడిచిన శ్వాసనే మరొకరు పీలుస్తున్నారని అర్థం. గోడకు బిగించే ఏ.సి. యంత్రాలు సాధారణంగా గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తాయి. బయటి గాలిని తీసుకొనిరావు. ఈ సంగతి చాలామంది గమనించరు.

పెట్టెన్‌కోఫర్ పద్ధతిని మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలోనే చేయవచ్చును. తెలిసిన ఘనపరిమాణం గల సీసాలో గది గాలిని పట్టి, అందులో తెలిసిన గాఢత గల బేరియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని పోసి బాగుగా కుదపాలి. మిగిలిన క్షారాన్ని ఆక్జాలిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఎంతో లెక్క తేలుతుంది. ఈ రెండు పదార్థాలూ విషపూరితాలు కనుక అధ్యాపకుల సమక్షంలోనే చేయాలి.

ఇక ధూళి విషయం. చేతిలో ఇమిడే పరికరాలు నేడు బజారులో లభిస్తున్నవి. లోపల ఒక చిన్న లేజర్ కిరణం ఉంటుంది. గాలిలోని కణాలు ఆ వెలుగును ఎంత చెదరగొడితే అంత ధూళి ఉన్నదని పరికరం లెక్కకడుతుంది. నీటి ఆవిరిలోని తుంపరలను కూడా ఇది ధూళిగా భ్రమపడుతుంది గనుక ఉడికే గిన్నెమీద, మంచు పట్టిన కిటికీ పక్కన ఉంచరాదు. మొదట అరగంట ఆరుబయట, పిదప ఒక పూర్తి దినం లోపల ఉంచాలి. పక్కనే ఒక నోటుపుస్తకంలో పోపు వేసిన వేళ, ఊడ్చిన వేళ, లోబాన్ వేసిన వేళ రాసుకోవాలి. ఈ పుస్తకం లేనిదే అంకెలకు అర్థం లేదు.

పరికరాన్ని ఎక్కడ ఉంచాలనేది అన్నింటికంటె ముఖ్యం. మాలో ఒకరు దానిని ముందు గదిలో పుస్తకాల అలమారపై ఉంచి, అంకె తక్కువగా కనిపించగానే సంతృప్తి చెందినారు. "నేనుండేది అక్కడ కాదు కదా, బేటా" అన్నది వాళ్ల అమ్మీ. పరికరాన్ని వంటగదికి మార్చి, ఆమె ముక్కు ఉండే ఎత్తులో ఉంచినాము. ఎండుమిరపకాయల పోపు పడగానే అంకె ముందు గదిలోని దానికి ఎన్నో రెట్లు పెరిగింది. కిటికీ తెరువగా కొంతసేపటికి దిగింది. ఆమెకు ప్రతి ఉదయం వచ్చే దగ్గును ఇంటిల్లిపాదీ జలుబనే అనుకొంటూ వచ్చినారు. ఆ దగ్గుకు పొగే కారణమని పరికరం చెప్పదు. అది వైద్యుడు తేల్చవలసిన మాట. కాని వైద్యునికి చెప్పదగిన ఒక విషయం మాత్రం ఆనాడు మాకు దొరికింది.

ఇది ఒక ఇంటి ముచ్చట కాదు. డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల పల్లెలలో నాలుగు వందలకు పైగా ఇండ్లలో గాలిని కొలిచి, 2004లో ఫలితాలు ప్రకటించింది. శ్వాసతో లోనికి పోయే ధూళి ఇరవైనాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు గ్యాసు వాడే ఇండ్లలో 73 మైక్రోగ్రాములు మొదలు, కట్టెలు, పిడకల వంటి ఘన ఇంధనాలు వాడే ఇండ్లలో 732 వరకు ఉన్నట్లు తేలింది. అనగా పది రెట్ల వ్యత్యాసం. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇండ్లకు గ్యాసు చేర్చినవి. అయినా స్నానపు నీళ్లకు, దావతు వంటలకు కట్టెల పొయ్యి రాజేసే ఇండ్లు ఇంకా ఉన్నవి.

అంకెను దేనితో పోల్చాలి? 2.5 మైక్రాన్ల ధూళి ఒక దినపు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశం 2009లో బయటి గాలికి విధించిన పరిమితి 60. కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే పరికరం కావాలి. ఒక గంటకు సుమారు 30 పి.పి.ఎం., ఎనిమిది గంటలకు సుమారు 9 పి.పి.ఎం. దాటరాదు. మూసిన స్నానాల గదిలో గ్యాసు గీజరు, మూసిన పడకగదిలో బొగ్గుల కుంపటి ఎన్నడూ ఉంచరాదు. ఇంటిలో పలువురికి ఒకేసారి తలనొప్పి, వికారం కలిగితే పరీక్షలు చేస్తూ కూర్చోరాదు. అందరూ వెంటనే బయటికి రావాలి. రాడాన్‌కు ఒక ప్రత్యేకమైన ఫిలింను సుమారు మూడు నెలలు గదిలో ఉంచి, ప్రయోగశాలకు పంపాలి.

నివారణ కష్టం కాదు. వంట జరిగినంతసేపు, ఆ తరువాత కొంతసేపు కిటికీ తెరిచి ఉంచాలి. పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టించాలి. అది పనిచేస్తున్నదో లేదో పలుచని కాగితం చూపిస్తే తెలుస్తుంది. కాగితం ఫ్యాను వైపు వంగాలి. దోమలకు చుట్టకన్న దోమతెర మేలు. లోబాన్, అగరువత్తి మన ఇండ్లలో భక్తికీ మర్యాదకూ గుర్తులు. వాటిని మానమని మేము చెప్పము, కిటికీ తెరిచి వెలిగించమంటాము. గ్యాసు మంట పసుపుగా మారి గిన్నెల అడుగు నల్లబడితే బర్నరును శుభ్రం చేయించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఇటువంటి పరికరాలు ప్రతి విద్యార్థీ కొనలేడు. విజ్ఞానశాస్త్ర విభాగంలో ధూళికి ఒకటి, కార్బన్ మోనాక్సైడ్‌కు ఒకటి ఉంచి, గ్రంథాలయ పుస్తకాల వలె వారానికొకరికి ఇచ్చినచో ఒక సంవత్సరంలో ఎన్నో వంటిండ్ల సంగతి బయటపడుతుంది. విద్యార్థి మిత్రులారా, పరికరం మీ ఇంటికి వచ్చిన నాడు దానిని మీ బల్లమీద పెట్టుకొనకండి. అమ్మీ అని పిలిచినా, అమ్మా అని పిలిచినా, పొయ్యి ముందు నిలబడే ఆమె పక్కన మొదట పెట్టండి.